పన్ను, పహరా, పొరుగు

(ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాసం పాఠం)



గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న పెనుగంచిప్రోలులో పుట్టారు. 1928 జూన్ 10న పోయారు. ముప్పై తొమ్మిదేళ్లు నిండిన ఎనిమిది రోజులకే క్షయ ఆయన్ని తీసుకుపోయింది. ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని నాట్యగ్రంథమైన అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ వాళ్లు దాన్ని అచ్చు వేశారు. రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. అంతటి పండితుడు నాలుగేళ్లు తిరిగేసరికి ఈ సముద్రతీరపు చీరాలలో నేతగాళ్ల మధ్య, తాటాకు పాకల మధ్య నిలబడ్డాడు. ఆయన కథలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే మలుపు ఇదే.

నాకిచ్చిన అంశం చిన్న పట్టణంలో ఊరి జీవితం, వారసత్వం, ఇంటి భద్రత. గ్యాసు సిలిండరుకూ ఆంధ్రరత్నకూ సంబంధమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. సంబంధం ఉంది. చీరాల-పేరాల పోరాటం పుట్టిందే ఇంటి మీద వేసిన పన్ను దగ్గర. ఊరిని ఎవరు చూసుకోవాలి, ఎవరి ఖర్చుతో, ఎవరి మాట మీద అన్నదే దాని అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు నూరేళ్లు దాటినా మనం పూర్తిగా జవాబు చెప్పలేదు.

ఇంటిపన్ను దగ్గర మొదలైంది

సంగతి మీకు తెలిసిందే. చిన్నవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. పంచాయతీ లాంటి యూనియన్‌గా నడుస్తున్న చీరాల, పేరాలను మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. దాంతో పన్నులు ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగాయి. మగ్గం మీద బతికేవాళ్లకు, చిన్నపాటి సంపాదనలవాళ్లకు అది మోయలేని బరువు. కట్టం అన్నారు. కట్టనివాళ్లను జైలుకు పంపారు. అలా వెళ్లినవారిలో రావూరి అలివేలమ్మ అనే స్త్రీ కూడా ఉంది.

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు జరిగాయి. అక్కడ పోటెత్తిన జనాన్ని అదుపు చేసింది గోపాలకృష్ణయ్య గారు తీర్చిదిద్దిన రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం. ఆ వెంటనే ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపించారు. ఒకటి, పన్ను కట్టకుండా శాంతంగా శిక్ష అనుభవించడం. రెండోది, మున్సిపాలిటీ ఎల్లలు దాటి ఊరు ఖాళీ చేసి వెళ్లడం. ఏది చేసినా మీ సొంత బలం మీద చేయండి, కాంగ్రెసు ఆదుకుంటుందని అనుకోవద్దని కూడా చెప్పారు. ఊరు రెండో దారి పట్టింది. దాదాపు పదిహేను వేల జనంలో పదమూడు వేలకు పైగా ఇళ్లు వదిలి, ఎల్ల అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

మన పాఠ్యపుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. త్యాగం, నాయకుడి అరెస్టు, ఉద్యమం ముగింపు. నేను ఆ పదకొండు నెలల దగ్గర కాస్త నిలబడదలచుకున్నాను.

పాకల ఊరు చేసిన పని

వేసవిలో వెళ్లారు. తాటాకు పాకలు పక్కపక్కనే ఉన్నాయి. నడుమ సందులు ఇరుకు. ప్రతి పాక ముందూ పొయ్యి. సముద్రం మీంచి మధ్యాహ్నానికి లేచే గాలి సంగతి ఈ తీరం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక పాక అంటుకుంటే వరస మొత్తం పోతుంది. ఆ తర్వాత వానలొచ్చాయి. ఆ తర్వాత తుఫాన్ల కాలం వచ్చింది. పసిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, నెలలు నిండినవాళ్లున్నారు. పాకకు తలుపు ఉన్నా తాళం వేసేంత తలుపు కాదు. వదిలి వచ్చిన ఇళ్లు అవతల ఖాళీగా పడి ఉన్నాయి.

పన్ను వద్దన్న రోజునే పన్ను చేయాల్సిన పనులన్నీ ఆ జనం నెత్తిన పడ్డాయి. నీళ్లు, చెత్త, నిప్పు, రాత్రి కాపలా, తగవుల తీర్పు. రామదండు పహరా తిరిగింది, క్రమం చూసింది.  గోపాలకృష్ణయ్య గారు పాటలు, జానపద కళారూపాలు అక్కడికి తెచ్చి జనం మనసు నిలబెట్టారు. అభినయ దర్పణం అనువదించినవాడికి ఆ పని చిన్నదిగా తోచలేదు.

రామనగర్‌ని నేను సుఖంగా సాగిన ఊరని చెప్పను. కష్టాలు పడ్డారు. డబ్బు చాలలేదు. నాయకుణ్ణి జైల్లో పెట్టాక నిలవడం కష్టమైంది. చివరికి జనం ఇళ్లకు తిరిగి వచ్చారు. గెలుపోటముల లెక్క చరిత్రకారులకు వదిలేస్తాను. నాకు ముఖ్యమైంది ఒకటే. ప్రభుత్వం పెట్టిన ఏర్పాటును కాదన్న జనం, ఆ ఏర్పాటు చేసే పనిని కాదనలేదు. దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు.

ఇవాళ మన స్థితి సరిగ్గా తిరగబడింది. పన్ను కడుతున్నాం. రసీదు జేబులో పెట్టుకుని, ఊరి పని అక్కడితో తీరిపోయిందనుకుంటున్నాం. ఆ తీరని పని ఏమిటో చెప్పడానికే ఈ ఉపన్యాసం.

వీధిలో సాగిన పడుగు

మన నేతపేటల వీధులు ఒకప్పుడు ఎలా ఉండేవో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. తెల్లవారుజామున పడుగును వీధి పొడవునా చాచేవారు. గంజి పెట్టి, కుంచెలతో దువ్వి, తెగిన పోగులు ముడివేసేవారు. ఎండ ముదిరేలోపు ఆ పని తెమలాలి. ఒక్క ఇంటివాళ్లకు సాధ్యం కాదు. ఇరుగుపొరుగు పది చేతులు కలవాలి. ఇవాళ నీ పడుగు, రేపు నా పడుగు. ఆడవాళ్లు అరుగుల మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవారు. ముసలివాళ్లు అక్కడే. పిల్లలు అక్కడే. నూనె, బూడిద పట్టించి నానబెట్టిన నూలుతో ఇక్కడ నేసిన తేలియా రుమాళ్లు సముద్రాలు దాటి వెళ్లాయి. ఆ రుమాలు వెనుక ఒక నేతగాడి నేర్పుతో పాటు ఒక వీధి మొత్తం శ్రమ ఉంది.

ఆ వీధిలోకి కొత్త మనిషి అడుగు పెడితే ఏడుగురు అడిగేవారు, "ఎవరింటికి బాబూ?" అని. ఏ ఇంట్లో పొగ వేళ కాని వేళ లేచినా కనిపించేది. పెద్దాయన రోజూ వచ్చే వేళకు అరుగు మీదికి రాకపోతే ఎవరో ఒకరు లోపలికి తొంగిచూసేవారు. వాళ్లు కాపలా కాయడానికి కూర్చోలేదు, పని చేసుకోవడానికి కూర్చున్నారు. కాపలా దానంతట అదే జరిగిపోయింది. ఈ తేడా మనం గట్టిగా పట్టుకోవాలి. ఆ రోజుల్లో భద్రత పనిలోంచి ఊరికే వచ్చింది.

తర్వాత సిద్ధం చేసిన పడుగులు బయట నుంచి రావడం మొదలైంది. కండెలకు మోటార్లు వచ్చాయి. మగ్గాలు తగ్గాయి. అరుగులు కొట్టేసి, రోడ్డు అంచు దాకా ప్రహరీ కట్టి, ఇనుప గ్రిల్లు పెట్టుకున్నాం. సాయంత్రం టీవీ, ఆ తర్వాత సెల్‌ఫోను మనల్ని లోపలికి లాగాయి. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు, లేదా తాళం. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. ఉదయం నాలుగింటికి లేచి గంజి పెట్టే బతుకు అందంగా ఉంటుందని చూసేవాళ్లు అనుకుంటారు, చేసినవాళ్లు అనుకోరు. కానీ ఆ పనితో పాటు ఊరికే వచ్చిన కాపలా కూడా పోయింది. పోయిన సంగతి మనం గమనించలేదు.

దాని స్థానంలో కొన్ని యంత్రాలు వచ్చాయి, మంచిదే. ఊరెళ్లేటప్పుడు చెబితే పోలీసులు తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. వాడుకోండి. అయితే కెమెరా దొంగను చూస్తుంది గాని, స్నానాలగదిలో జారిపడి లేవలేని అత్తమ్మను చూడదు. చూసినా, తలుపు తీసి లేపేది పక్కింటివాళ్లే. ఆ పక్కింటివాళ్ల దగ్గర మన ఇంటి రెండో తాళంచెవి ఉందా?

పాత ఇల్లు, కొత్త ఇల్లు

వారసత్వం పేరు చెప్పి పాతదంతా క్షేమమని నేను అనను. మండువా లోగిలి అందం, గాలి, వెలుతురు నిజమే. వాన నడిమింట్లో కురిసి తూములోంచి బయటికి పోయే ఆ కట్టుబడి తెలివైనదే. కానీ గట్టు తక్కువ ఉన్న బావిలో పిల్లలు పడ్డారు. మట్టిగోడలు ముసురులో కూలి నిద్రలోనే మనుషుల్ని మింగాయి. కట్టెపొయ్యి పొగ మన అమ్మల కళ్లను, ఊపిరితిత్తులను తినేసింది. చూరుకింద దీపం, అటక మీద ఎండుకట్టెలు, పైన తాటాకు కప్పు. వేసవి వస్తే ఊరు ఊరంతా నిప్పు భయంతో బతికింది.

ఆ భయంలోంచి కొన్ని కట్టుబాట్లు పుట్టాయి. మధ్యాహ్నం గాలి లేవకముందే వంట ముగించాలి. పొయ్యిలో నిప్పు ఆర్పి, బూడిద మీద నీళ్లు చిలకరించి, ఆ తర్వాతే పడుకోవాలి. ఇంటి ముందు నీళ్ల కుండలు నింపి ఉంచాలి. ఒక పాక అంటుకుంటే గాలివాటున ఉన్న పక్క పాక కప్పును లాగి కింద పడేయాలి. ఆ పాక యజమాని అడ్డు చెప్పకూడదు. తర్వాత వీధివాళ్లంతా కలిసి అతనికి కప్పు వేసివ్వాలి. ఈ చివరి కట్టుబాటు గురించి ఆలోచించండి. నలుగురి కోసం నా ఇంటి కప్పు పోగొట్టుకుంటాను, నలుగురూ నన్ను వదలరని నమ్ముతాను. ఏ శిలాశాసనానికీ తీసిపోని వారసత్వం అది.

ఇప్పుడు ప్రమాదాల రూపు మారింది. వాటికి తగిన కట్టుబాట్లు మాత్రం ఇంకా వీధిలో పుట్టలేదు. గ్యాసునే తీసుకుందాం. ఇంటికి వచ్చే సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. అది గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే కిటికీ తీస్తే చాలదు, వాకిలి తలుపులు బార్లా తీయాలి. వాసన తగిలితే లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటు ఆర్పనూ కూడదు. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు కట్టేసి, అందరూ బయటికి వచ్చి, దూరంగా నిలబడి 1906కి ఫోను చేయాలి. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకోసారి తప్పనిసరిగా మార్చాలి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొయ్యి కట్టేసి మూత పెట్టాలి. ఇవన్నీ సిలిండరు తెచ్చే కుర్రాడికి తెలుసు, పొయ్యి ముందు నిలబడే చాలామందికి తెలియదు.

కరెంటు సంగతి చూద్దాం. మన పేటల్లో నాకు ఎక్కువ భయం కలిగించేది బట్టలారేసే ఇనుప తీగ. ఒక కొస రేకుల షెడ్డు కంబానికి, రెండో కొస సర్వీసు తీగ వచ్చే గోడకు కట్టి ఉంటుంది. వానాకాలంలో ఎక్కడో తీగ పైపొర ఒరుసుకుపోయి రేకుకు కరెంటు పాకుతుంది. తడిబట్ట పట్టుకున్న ఇల్లాలు పడిపోతుంది, పట్టుకోబోయిన భర్త పడిపోతాడు, ఆ వెనుక కొడుకు. వర్షాకాలం పేపర్లలో ఈ వార్త చదవని ఏడాది లేదు. ఇనుప తీగ తీసేసి నైలాను తాడు కట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక పూట కూరగాయల ఖర్చు. కరెంటు 30 మిల్లీయాంపియర్లు దారి తప్పగానే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే పరికరం బజారులో దొరుకుతుంది. నేత ఇళ్లకు అది మరీ అవసరం. గుంట మగ్గంలో కాళ్లు మట్టిలో ఉంటాయి. వానకు ఆ గుంట చెమ్మగిల్లుతుంది, ఒక్కోసారి నీళ్లే ఊరుతాయి. పక్కనే కండెల మోటారు, తల మీద వేలాడే బల్బు. నేతగాడి ఇల్లే కార్ఖానా. కార్ఖానాకు ఉండే తనిఖీ ఏదీ ఆ ఇంటికి ఉండదు.

తుఫాను నేర్పిన లెక్క

కొందరు అడుగుతారు, ఇలాంటి ముందుజాగ్రత్తలతో నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అని. మన తీరమే దీనికి జవాబు చెప్పింది. 1977 నవంబరు 19న వచ్చిన తుఫానులో దాదాపు పదివేల మంది పోయారు. ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన దివిసీమలో ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. 1990 మేలో అంతటి తీవ్రత దరిదాపుల్లో ఉన్న తుఫాను మళ్లీ కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి పోయినవారు వెయ్యి లోపు. అదే సముద్రం, ఇంచుమించు అవే ఊళ్లు. మధ్యలో హెచ్చరికలు మెరుగయ్యాయి, తుఫాను షెల్టర్లు కట్టారు, లక్షల మందిని ముందే కదిలించారు.

ఆ తరలింపులో ప్రభుత్వం లారీలు పంపగలిగింది. కానీ కదలనని మంచం పట్టుకు కూర్చున్న తాతను లేపి లారీ ఎక్కించింది ఎవరు? గేదెను వదిలి రానన్న అవ్వకు నచ్చజెప్పింది ఎవరు? ఆ ఇంట్లో మంచంలో ఒక మనిషి ఉన్నాడని అధికారికి చెప్పింది ఎవరు? పొరుగువాళ్లే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా ఈ పనిని ఏ యంత్రమూ చేయలేదు. హెచ్చరిక ఢిల్లీ నుంచి ఫోనులోకి క్షణంలో వస్తుంది. ఫోను నుంచి మంచం దగ్గరికి వెళ్లే ఆఖరి పది గజాలు మనమే నడవాలి.

వేటపాలెం కాగితాలు

వారసత్వం అన్నప్పుడు మన పక్కనే ఉన్న సారస్వత నికేతనాన్ని తలచుకోకుండా ఉండలేను. 1918లో వేటపాలెంలో ఆ గ్రంథాలయాన్ని మొదలుపెట్టింది ఏ ప్రభుత్వమూ కాదు, ఊరి యువకులు. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంచారు. నూరేళ్ల నాటి పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి కూర్చుంటారు. ఒక చిన్న ఊరు తన బతుకునంతా కాగితం మీద దాచుకున్న చోటు అది.

కాగితానికి శత్రువులు మూడు: చెద, చెమ్మ, నిప్పు. సముద్రపు గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. ఇంటికి ఉన్న ప్రమాదాలే గ్రంథాలయానికీ ఉన్నాయి. పాత వైరింగు, కారే కప్పు, కట్టేయడం మరిచిన స్విచ్చి. ఒక వీధి తన ఇళ్లను చూసుకోవడం నేర్చుకుంటే తన గ్రంథాలయాన్నీ, గుడినీ, మసీదునూ, చర్చినీ, బడినీ చూసుకోవడం నేర్చుకున్నట్టే. నవరాత్రుల పందిళ్లకు, పెళ్లి షామియానాలకు కరెంటు లాగేటప్పుడు చేసే నిర్లక్ష్యం మనందరికీ తెలుసు. గుడ్డ పందిరి కింద అతుకుల తీగ వేసి, దాని పక్కనే హారతి వెలిగిస్తాం. భక్తి, భద్రత రెండూ ఒకే కమిటీ చేతిలో ఉండాలి.

వీధి పుస్తకం

ఇక చేయాల్సిన పని ఏమిటో చెప్పి ముగిస్తాను. కొత్త సంఘం పెట్టమని, ప్రారంభోత్సవం చేయమని నేను అడగను. ఒక్కో వీధికి ఒక నోటుపుస్తకం పెట్టమంటాను. అందులో ఏం రాయాలి? ఏ ఇంట్లో మంచంపట్టినవాళ్లున్నారు, ఎవరింట్లో ఒంటరి ముసలివాళ్లున్నారు, ఏ కోడలికి నెలలు నిండుతున్నాయి. ఎవరింటి తాళంచెవి ఎవరి దగ్గరుంది. వీధి కరెంటు ఎక్కడ ఆపాలి. ఎండల్లోనూ నీళ్లుండే బావి ఏది, బోరు ఏది. ఎవరికి ఆటో ఉంది, ఎవరు నర్సు, ఎవరు ఎలక్ట్రీషియను, ఎవరికి ఈత వచ్చు. కింద 101, 112, 1906 నంబర్లు పెద్ద అక్షరాలతో.

ఆ పుస్తకం అందరి కంటా పడే చోట పడేయకూడదు. ఒంటరివాళ్ల వివరాలు దొంగకూ పనికొస్తాయి. వీధిలో అందరూ నమ్మే ఇద్దరి దగ్గర ఉండాలి, వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఏ ఇంటి వివరమైనా ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి. కులం, పార్టీ చూసి ఇళ్లు వదిలేసే పుస్తకం అయితే మొదలుపెట్టకపోవడమే మేలు, ఎందుకంటే నిప్పు ఇళ్లను అలా ఎంచుకోదు. అద్దెకున్నవాళ్లనూ, పని కోసం వచ్చి పాకల్లో ఉంటున్న వలసకూలీలనూ రాయాలి. ఎవరూ అడగనివాళ్లకే ఎక్కువ ప్రమాదం.

ఏడాదికి రెండుసార్లు దాన్ని తిరగేయాలి. ఎండలు ముదరకముందు మార్చిలో ఒకసారి, నిప్పు కోసం. తుఫాన్ల కాలానికి ముందు సెప్టెంబరులో ఒకసారి, నీళ్ల కోసం. ఆ రోజు వీధిలోని ఎలక్ట్రీషియను ప్రతి ఇంటి బట్టల తీగ, మోటారు వైరు చూస్తాడు. అతని కూలి వీధి ఇస్తుంది. గ్యాసు గొట్టాల మీది తేదీలు పదో తరగతి పిల్లలు చదివి రాసుకుంటారు. మురుగుకాలువలో పేరుకున్న ప్లాస్టిక్ సంగతి, వేలాడే సర్వీసు తీగ సంగతి కాగితం మీద పెట్టి మున్సిపాలిటీకి, కరెంటు ఆఫీసుకు ఇస్తాం. పని జరిగేదాకా అడుగుతాం. పన్ను కట్టినవాడికి అడిగే హక్కుంది. వీధి పుస్తకం ఉన్నవాడికి ఏది అడగాలో కూడా తెలుస్తుంది. మున్సిపాలిటీ చేయాల్సింది మన నెత్తిన వేసుకుని వాళ్లను వదిలేయమని నేను అనడం లేదు. నీళ్ల ట్యాంకు, కాలువ పూడిక వాళ్ల పని, ఫైరింజను అగ్నిమాపక శాఖ పని. వాళ్లు తలుపు తట్టేలోపు గడిచే పావుగంట మాత్రం మనది.

అరుగుల మీది బతుకు తిరిగి రాదు, రావాలని కోరుకోవడమూ న్యాయం కాదు. అప్పట్లో ఊరికే వచ్చిన కాపలాను ఇప్పుడు పూనుకుని ఏర్పాటు చేసుకోవాలి. అది అసాధ్యం కాదని ఈ ఊరే ఒకసారి రుజువు చేసింది. చేతిలో డబ్బు లేకుండా, తాళం పడని పాకల్లో, ప్రభుత్వం ఎదురుగా నిలబడి ఉండగా పదకొండు నెలలు చేసింది. మనకు పక్కా ఇళ్లున్నాయి, ఫోన్లున్నాయి, మనం ఓటేసి ఎన్నుకునే కౌన్సిల్ ఉంది. చేయకపోవడానికి మన దగ్గర వాళ్లకున్నంత సాకు కూడా లేదు.

సెప్టెంబరు రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఈ సభలో ఉన్నవాళ్లు ఒక్కొక్క వీధికి ఒక్కరు పూనుకున్నా, తుఫాన్ల కాలానికి ముందే చాలా వీధుల పుస్తకాలు తయారవుతాయి. మొదటి పేజీలో ఎవరి పేరు రాయాలో తెలియకపోతే మీ పక్కింటివాళ్ల పేరుతో మొదలుపెట్టండి.